కట్టినవారు, కట్టించినవారు, గీసినవారు

మా వీధి చివర ఉండే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఒక రోజు పొద్దున్నే పాల ప్యాకెట్లతో మా గేటు దగ్గర ఆగారు. "మీరు వాస్తుశిల్పుల మీద పుస్తకం చేస్తున్నారట కదండీ! మా బోరు ఆగ్నేయంలో పడింది. దోషమేమైనా ఉందంటారా?" అని అడిగారు. అది ఆ వాస్తు కాదని, హైదరాబాదులోని పాత భవనాలకు నక్షాలు గీసినవారి జీవిత వివరాలతో మేము నలుగురం ఒక కోశం తయారు చేస్తున్నామని వివరంగా చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు. "మంచిది. పుస్తకం వచ్చాక ఆగ్నేయం ఏ పేజీలో ఉందో చెప్పండి, చాలు" అని వెళ్ళిపోయారు.

నవ్వుకున్నాను కానీ తప్పు ఆయనది కాదు. కోశానికి ఏం పేరు పెట్టాలన్న దాని మీద మేమే రెండు నెలలు కొట్టుకున్నాం. వాస్తుశిల్పి అంటే జనం ఈశాన్యం, ఆగ్నేయం అడుగుతారు. స్థపతి అంటే గుడి గుర్తుకు వస్తుంది. ఇంజనీరు అంటే ఆనకట్టలు, రోడ్లు వచ్చి మీద పడతాయి. ఇక పాత ఉర్దూ కాగితాల్లో కనిపించే 'మేమార్' అనే మాట మరీ ఉదారమైనది. నక్షా గీసినవాడూ మేమారే, తాపీ పట్టినవాడూ మేమారే. మాకు మూడు మాటలు కావాలి, ఆ కాగితాల్లో ఒక్కటే ఉంది. ఏడేళ్ళ మా అవస్థ అంతా ఈ ఒక్క మాటలో ఉందని అప్పుడు నాకు తోచలేదు.

ఆ నలుగురం ఎవరమో చెప్పాలి. సంపాదకులు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. ఉర్దూ, ఫార్సీ చదవగల మాస్టారు ఒకరు. ఆర్కిటెక్చర్ చదివిన అమ్మాయి ఒకతె. నాలుగోవాణ్ణి నేను. 1978లో ఒక ప్రభుత్వ శాఖలో ట్రేసర్‌గా, అంటే ఒకరు గీసిన డ్రాయింగును పలచటి గుడ్డ మీదికి సిరాతో ఎక్కించేవాడిగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా బయటికి వచ్చాను. నాకు చరిత్ర రాదు. డ్రాయింగ్ చదవడం వచ్చు. ఏ గీత ముందు గీశారో, ఏది తరువాత చేర్చారో సిరా చూసి చెప్పగలను. ఆ కారణం మీదే నన్ను చేర్చుకున్నారు.

నిఘంటువుల వాళ్ళు ఒక్కొక్క పదం కింద రాసే వివరాన్ని ఆరోపం అంటారని అప్పుడే తెలిసింది. మొదటి ఏడాది గడిచేసరికి మా మధ్య ప్రతి ఆరోపమూ ఆరోపణగా మారింది. "ఈ భవనం ఈయనదని ఎవరు చెప్పారు?" అని ఒకరు, "కాదని ఎవరు చెప్పారు?" అని ఇంకొకరు. మనిషి చనిపోయి ఉండాలి, నగరంలో కనీసం ఒక్క కట్టడం ఆయన గీసినదై ఉండాలి, రెండు వేర్వేరు ఆధారాలు దొరకాలి అని మూడు నియమాలు పెట్టుకున్నాం. మూడూ సబబుగానే కనిపించాయి. రెండోది మా కొంప ముంచింది.

అంతకన్నా ముందు పేర్ల గొడవ. అకారాది క్రమంలో పేర్చడం సులువేమో అనుకున్నాను. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇంగ్లీషువాళ్ళు చివర రాస్తారు. నవాబులకు ఇంటిపేరు ఉండదు, బిరుదు ఉంటుంది. ఆ బిరుదు నడివయసులో వస్తుంది కనుక, అప్పటిదాకా కాగితాల్లో వేరే పేరు నడుస్తుంది. నిజాంసాగర్ కట్టిన అలీ నవాజ్ జంగ్ అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ఆయన పుట్టినరోజైన జులై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతారు. ఇంత తెలిసి కూడా నేను ఆయనకు రెండు కార్డులు రాశాను, ఒకటి 'అ' కింద, ఒకటి 'మీ' కింద. ఒకే సంవత్సరంలో ఇద్దరు ఇంజనీర్లు ఒకే చోట ఒకే పని చేస్తున్నారేమిటని మాస్టారు నిలదీస్తే గాని తెలియలేదు. ఇంగ్లీషు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ సంగతి ఇంకో రకం. తెలుగులో ఆయన్ను ఎష్ అనీ, ఎస్చ్ అనీ, ఎస్క్ అనీ రాసినవారున్నారు. చివరికి ఎష్ దగ్గర స్థిరపడి, మిగతా రెండింటి కింద 'ఎష్ చూడుము' అని పెట్టాం. ఈ 'చూడుము'లు రాయడానికే నాకు ఒక వేసవి పట్టింది.

తేదీలు మరో పెద్ద గుండం. నిజాం కాగితాల్లో ఫస్లీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కల సంవత్సరాలు ఉంటాయి. 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని ఎవరో చెప్పగా, నేను కార్డులన్నిటి మీదా పెన్సిలుతో ఉత్సాహంగా కలుపుకుంటూ పోయాను. ఆ లెక్కలో ఒక ఇంజనీరు ఉద్యోగంలో చేరడానికి ఎనిమిది నెలల ముందే మంజూరు పత్రం మీద సంతకం పెట్టేశాడు! హైదరాబాదు ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. కనుక డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. మాస్టారు ఇది చెప్పి, నా మొహం చూసి, టీ తెప్పించారు. కార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి దిద్దాను. నెల రాయకుండా సంవత్సరం మాత్రమే ఉన్న చోట రెండు అంకెలూ వేసి మధ్య అడ్డగీత పెట్టాం. చదివేవారికి అది అందంగా కనిపించదు, కానీ అబద్ధం కాదు.

కాగితాలు ఎక్కడివని చాలామంది అడిగారు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం, అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయం, సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం మాకు రెండో ఇళ్ళయ్యాయి. మాస్టారు భూతద్దం పెట్టి షికస్తా రాత చదువుతుంటే పక్కన కూర్చుని చూడడం ఒక వినోదం. ఆ గొలుసుకట్టు రాతలో గుమాస్తాలు చుక్కలు పెట్టరు. చుక్కలు లేకపోతే ఒకే మాట రెండు మూడు రకాలుగా కుదురుతుంది. ఆయన నోటితో మూడూ పలికి చూసుకుని, వాక్యంలో ఏది కూర్చుంటుందో నిదానంగా తేల్చేవారు. నాకు ఇష్టమైనవి మాత్రం 1908 మూసీ వరద తరువాత, లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన మునిసిపల్ సర్వే మ్యాపులు. ఇళ్ళు, బావులు, తోటలు, సందులు అన్నీ ఉంటాయి. వాటి ముందు కూర్చుంటే నేను భోజనం సంగతి కూడా మరిచిపోయేవాణ్ణి.

మ్యాపు మాట వచ్చింది కనుక ఒక పిట్టకథ. కోఠీలోని రెసిడెన్సీ భవనానికి స్థలం కావాలని ఇక్కడి ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్‌కు ఒక పెద్ద నక్షా చూపించాడట. నిజాం కాదన్నాడు. తన రాజ్యానికి గీసిన మ్యాపులే అంత ఉండగా, ఒక్క తోటకు ఇంత పెద్దదా అని అనుమానించాడు. అదే నక్షాను చిన్న కార్డు మీదికి ఎక్కించి మళ్ళీ చూపిస్తే సంతోషంగా ఒప్పుకున్నాడని, కొంతకాలం ఇక్కడ పనిచేసిన కంపెనీ అధికారి జాన్ మాల్కం చెప్పుకున్న కథ ఇది. ఎంతవరకు నిజమో గాని, స్కేలు అంటే ఏమిటో కొత్తవాళ్ళకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ లేదు. కొత్త ట్రేసర్లు వచ్చినప్పుడల్లా నేను ఇదే చెప్పేవాణ్ణి.

అదే రెసిడెన్సీ దగ్గర నేను బోల్తా పడ్డాను కూడా. 1803 ప్రాంతంలో మొదలైన ఆ భవనానికి నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్స్‌కు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. ఆ కాలంలోనే కర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా ఉండి, 1811లో తానే రెసిడెంటయినవాడు హెన్రీ రసెల్. నేను ఇద్దర్నీ కలిపేసి, భవనం గీసి, అందులోనే రెసిడెంటుగా కాపురం పెట్టిన ఒక మహానుభావుణ్ణి పుట్టించాను. జీవితచరిత్ర చాలా బాగా కుదిరింది. బాగా కుదిరిందంటే అనుమానించాలని మా అమ్మాయి అంటూ ఉంటుంది (మా అమ్మాయి అంటే ఆర్కిటెక్చర్ అమ్మాయి, ఏడేళ్ళలో అలాగే అలవాటైంది). ఫలక్‌నుమా గీసిన విలియం వార్డ్ మారెట్‌ను కొందరు ఇంగ్లీషువాడన్నారు, కొందరు ఇటలీవాడన్నారు. భవనం ఇటలీ పద్ధతిలో ఉంది కనుక మనిషినీ ఇటలీకి పంపించేశారని మా అమ్మాయి ఊహ. భవనం వేషాన్ని బట్టి మనిషికి ఊరు ఇవ్వకూడదని ఆ రోజు నోటు పుస్తకంలో రాసుకున్నాం.

అసలు యుద్ధం హైకోర్టు దగ్గర మొదలైంది. మూసీ ఒడ్డున ఎర్రరాయితో నిలబడ్డ ఆ భవనం 1915లో మొదలై 1919లో పూర్తయి, 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం చేతుల మీదుగా ప్రారంభమైంది. అది ఎవరిది? జయపురానికి చెందిన శంకర్‌లాల్ నమూనా వేశాడు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పని చూసి వచ్చిన ఎష్ దాన్ని చేతికి తీసుకున్నాడు. స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ కట్టించాడు. ఎవరిని అడిగినా ఎష్ అంటారు. ఎందుకంటే కాచిగూడ స్టేషను, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి ఆయనవే కనుక, నది పక్కన ఉన్న నాలుగోది కూడా ఆ లెక్కలో కలిసిపోయింది. పేరు ఉన్నవాడి దగ్గరికే ఇంకో పేరు వచ్చి చేరుతుంది. శంకర్‌లాల్ గురించి మా దగ్గర ఉన్న కార్డు సగం కూడా నిండలేదు. ఎష్ కార్డులు మాత్రం ఒక కట్ట.

సంపాదకులు ఎవరో ఒకరి పేరు కిందే రాయాలన్నారు. మూడు చోట్ల ఒకే భవనం కనిపిస్తే కోశం పరువు పోతుందని ఆయన భయం. నాకు తోచింది నేను చెప్పాను. ఇంగ్లీషులో 'కట్టాడు' అంటే రాజుగారూ కట్టవచ్చు, మేస్త్రీ కూడా కట్టవచ్చు. తెలుగులో ఆ తికమక లేదు. కట్టడం వేరు, కట్టించడం వేరు, ఒక్క అక్షరంతో తేలిపోతుంది. ఆ సౌకర్యం చేతిలో పెట్టుకుని మనం వాడుకోకపోవడం ఏమిటి? ప్రతి భవనం పేరు పక్కన ఒక సంక్షిప్తం పెడదాం. గీ. అంటే గీసినది, మా. అంటే మార్చినది, కట్టిం. అంటే కట్టించినది, క. అంటే కట్టినది. మూడు చోట్ల వచ్చినా చదివేవారికి ఎవరి పాలు ఎంతో తెలుస్తుంది. సంపాదకులు వారం రోజులు మాట్లాడలేదు. తరువాత ఒక సాయంత్రం ఫోను చేసి, "ఆ క. అన్నది ఎవరికి పెడతారు? ఒక్క పేరైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఒక్క పేరు ఉంది.

మక్కా మసీదుకు మహమ్మద్ కుతుబ్ షా కాలంలో, 1617లో పునాది పడింది. పూర్తయింది 1694లో, ఔరంగజేబు వచ్చాక. ఆ పని చూసినవారిగా చెప్పే పేర్లు రెండు: దారోగా (పనుల పర్యవేక్షకుడు) మీర్ ఫైజుల్లా బేగ్, చౌదరి రంగయ్య. ఈ రెండో పేరు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నగరంలోని పెద్ద మసీదు పనుల మీద ఒక తెలుగు పేరు! చార్మినార్ మీద వెతికినా దాన్ని గీసినవారి పేరు చెక్కి లేదు; నగర నిర్మాణానికి ఆలోచన ఇచ్చిన పీష్వాగా (ప్రధానమంత్రిగా) మీర్ మోమిన్ అస్త్రాబాదీని తలుచుకుంటాం, అంతే. ఇక్కడ మాత్రం పని దగ్గర నిలబడ్డ మనిషి పేరే మిగిలింది. నేను వెంటనే కార్డు రాశాను. రంగయ్య, చౌదరి. తరువాత ఏం రాయాలి? పుట్టింది ఎక్కడో లేదు. తండ్రి పేరు లేదు. గీశాడో, లెక్కలు చూశాడో, రాళ్ళ దగ్గర నిలబడ్డాడో లేదు.

సంపాదకులు రెండో నియమం చూపించారు. గీసినట్టు ఆధారం లేనివాడు ఈ కోశంలోకి రాడు. మాస్టారు కూడా ఆయన వైపే. అప్పుడు మా అమ్మాయి తావెర్నియే రాసినది తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ వచ్చినప్పుడు మసీదు ఇంకా పూర్తి కాలేదు. ఆయన దాన్ని పగోడా (గుడి) అనే రాసుకున్నాడు. ప్రార్థన గూడుకు వాడిన ఒక్క రాయిని గని నుంచి తీయడానికి 5 ఏళ్ళు పట్టిందని, 500 నుంచి 600 మంది విడవకుండా పనిచేశారని, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయని రాశాడు. నేను అన్నాను: "ఎద్దుల లెక్క దొరికింది. రంగయ్యకు నాలుగు పంక్తులు ఇవ్వలేమా?" గొంతు కొంచెం పెరిగినట్టుంది, పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. గ్రంథాలయంలో గట్టిగా మాట్లాడకూడదని నాకూ తెలుసు.

నాలుగు పంక్తులు ఇచ్చారు. సరిగ్గా నాలుగే. కోశం మొత్తంలో అతి చిన్న ఆరోపం అదే.

పెద్ద ఆరోపాల గురించి ఎక్కువ చెప్పను, అవి వాటంతట అవే పెరుగుతాయి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కోసం నవాబ్ జైన్ యార్ జంగ్‌ను, సయ్యద్ అలీ రజాను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపడం, కైరో దగ్గర హీలియోపొలిస్‌లో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను రప్పించడం, 1934 జులై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం, అన్నీ కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. జైన్ యార్ జంగ్‌తో వచ్చిన ఇబ్బంది వేరు. 1948లో ఆయన ఢిల్లీలో హైదరాబాదు ఏజెంట్ జనరల్‌గా ఉన్నారు. దాంతో దొరికిన కాగితాల్లో సగానికి పైగా ఆ రాయబారాల గురించే. కమానుల గురించి వెతికితే రాజకీయం దొరికేది. రాజకీయం అంతా తీసేసి చూస్తే, ఆ పెద్ద ద్వారం పని చూసిన మనిషికి రెండు పేజీలే మిగిలాయి. ఆ ద్వారం కింద నిలబడి పైకి చూసినవారికి రెండు పేజీలు చాలవని తెలుస్తుంది.

ఆరో ఏడాది నేను పాతబస్తీలో ఒక ఇంటికి వెళ్ళాను. నిజాం కాలంలో ఓవర్సీరుగా పనిచేసిన ఒకాయన మనవరాలు అక్కడ ఉన్నారు. డెబ్భై దాటిన పెద్దావిడ. ట్రంకు పెట్టె తెరిచి నా ముందు పెట్టారు. అంచులు చివికిన రెండు నీలి ప్రింట్లు, ఒక జీతం కాగితం, విరిగిన రూలింగ్ పెన్ను ఉన్నాయి. నీలి ప్రింటు ఉందంటే దానికి తల్లి అయిన ట్రేసింగ్ ఎక్కడో ఉండాలి. ప్రింట్ల మీద మూల ముక్క చివికిపోయింది, ట్రేసింగ్ దొరికితే ఎవరు గీశారో, ఎవరు ట్రేస్ చేశారో, ఎవరు సరిచూశారో మూడు సంతకాలూ ఉంటాయి. ఆశగా అడిగాను. ఆవిడ నవ్వారు. "ఉండేవి నాయనా, బోలెడన్ని. మా నానీ నానబెట్టి దిండు గలీబులు కుట్టేసింది. ఎంత మెత్తగా ఉండేవో!"

నేనేం మాట్లాడలేకపోయాను. కోపం వచ్చి కాదు.

ట్రేసింగ్ గుడ్డ సంగతి ఈ తరానికి తెలియదు. అతి సన్నని నేత గుడ్డకు గంజి దట్టంగా పట్టించి, కాగితంలా బిర్రుగా చేస్తారు. ఒక వైపు నిగనిగలాడుతుంది. సిరా పట్టుకోవడానికి మేము దాని మీద చాక్ పొడి రుద్ది, తుడిచి, అప్పుడు గీత వేసేవాళ్ళం. అదే గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి తెల్లారి ఉతికితే గంజి అంతా వదిలి, మల్లెపువ్వులాంటి బట్ట మిగులుతుంది. బజారులో ఆ ధరకు అలాంటి బట్ట దొరకదు. మా ఆఫీసులో పనికిరాని పాత ట్రేసింగులు వేరు చేసినప్పుడల్లా మేమందరం తలా కాస్త ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. జేబురుమాళ్ళు, పసిపిల్లల జుబ్బాలు. 1983లో మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మూడు జుబ్బాలు అలాగే అయ్యాయి. పాతవి, చాలా పాతవి అవి. ఏ భవనానివో చూడాలని కూడా అనిపించలేదు. ఎవరి సంతకాలు ఉన్నాయో చూడలేదు. వాటిలో ఎందరు ట్రేసర్ల పొడి అక్షరాల సంతకాలు నేను బక్కెట్లో కలిపానో!

ఆ సంగతి మిగతా ముగ్గురికీ చెప్పలేదు. కానీ ఆ వారమే, పేరు తేలక పొడి అక్షరాలు మాత్రమే దొరికిన ట్రేసర్లందరికీ కోశం చివర ఒక అనుబంధం కావాలని పట్టుబట్టాను. అక్షరాలు, ఏ డ్రాయింగ్ మీద ఉన్నాయి, సంవత్సరం, అంతే. సంపాదకులు ఈసారి వాదించలేదు. అలసిపోయి ఉంటారు. ప్రూఫులు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. రంగయ్య పేరులో 'య' వత్తు ఎగిరిపోయి 'రంగయ' అయితే నేనే పట్టుకున్నాను.

చివరి ప్రూఫు పంపిన రోజు సాయంత్రం, ఆ జుబ్బాలు ఇంకా ఉన్నాయా అని నా భార్యను అడిగాను. ఒకటి బీరువా అడుగున దాచిందట, మనవరాలికని. తీసి ఇచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. తెల్లగా ఉంది. కింద అంచు మడత విప్పి చూస్తే, ఉతుకులకు పోకుండా బూడిదరంగు గీత ఒకటి కనిపించింది. కంపాస్‌తో తిప్పిన వంపు, దాని మీద చిన్న కొలత గుర్తు. సగం కమాను. గీత చివర ఎక్కడా సిరా చిక్కబడలేదు. మంచి చెయ్యి.

కుడివైపు కింది మూల ఏమైందని అడిగాను.

"ఆ మూలా? రాతలన్నీ ఉండేవి అక్కడ. ఎంత ఉతికినా సిరా వదల్లేదు. మసిగుడ్డకు వాడేశాను" అంది.